కాల్ లేకపోయినా సాఫ్ట్‌ఫోన్ పావు సీపీయూ తినేస్తోంది, అదీ మధ్యాహ్నం నుంచే

బెజవాడ_సిస్టమ్స్
ఒక డయాగ్నస్టిక్ ల్యాబుకి అపాయింట్‌మెంట్ కాల్స్ తీసుకునే డెస్కు మాది. 12 సీట్లు. అన్నీ ఒకే బ్యాచ్‌లో కొన్న పీసీలు: ఏడో తరం కోర్ ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఒక్కో దాంట్లో సాఫ్ట్‌ఫోన్ (పీసీ మీదే కాల్స్ తీసుకునే ప్రోగ్రామ్), యూఎస్‌బీ హెడ్‌సెట్, బ్రౌజర్‌లో బుకింగ్ స్క్రీన్. అంతకు మించి ఏమీ ఉండదు.

రెండు వారాలుగా ఆరు సీట్లలో గోల. కాల్ ఏమీ లేకుండా ఊరికే కూర్చున్నప్పుడు కూడా సాఫ్ట్‌ఫోన్ ఒక్కటే 25, 26 శాతం సీపీయూ లాగుతోంది. కాల్ వస్తే 38 దాకా పోతోంది. ఫ్యాన్లు రైసుమిల్లులా మోగుతున్నాయి. అవతలి వాళ్లకి మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. నిన్న ఒక పెద్దాయన "ఫాస్టింగ్‌లో రావాలా" అని నాలుగుసార్లు అడిగి, విసుగొచ్చి పెట్టేశారు.

విచిత్రం ఏమిటంటే పొద్దున తొమ్మిదింటికి అన్నీ శుభ్రంగా ఉంటాయి. మధ్యాహ్నం నుంచే మొదలు. సాఫ్ట్‌ఫోన్ మూసి మళ్లీ తెరిస్తే ఆ పూటకి తగ్గుతుంది. మర్నాడు మళ్లీ అదే కథ. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశాను. వైరస్ స్కాన్ చేశాను. ఇంకేం చూడాలి?

ర్యామ్‌బాబు
8 జీబీ ఈ రోజుల్లో దేనికి సరిపోతుంది అన్నా. 16 వెయ్యండి.

కీబోర్డు_కాకి
మధ్యాహ్నం భోజనం చేశాక నాకూ ఇంతే. పొద్దున శుభ్రంగానే ఉంటాను.

పాత_మోడెమ్
వంద సార్లు చెప్పాను ఈ సాఫ్ట్‌ఫోన్ల గురించి. ఫోన్ అనేది ఫోన్‌లా ఉండాలి. టేబుల్ మీద ఐపీ ఫోన్ (నేరుగా నెట్‌వర్క్‌కి తగిలించే ఫోన్) పెట్టండి, పీసీ ఏమైనా చావనివ్వండి, కాల్ మాత్రం పోదు.

బెజవాడ_సిస్టమ్స్
ర్యామ్‌బాబూ, ర్యామ్ సగం కూడా వాడటం లేదు, చూశాను. మోడెమ్ గారూ, 12 ఐపీ ఫోన్లు కొందామని మా సార్‌తో అంటే ఆయన నన్నే అమ్మేస్తారు. టోనర్ మార్చడానికే రెండు సంతకాలు కావాలి ఇక్కడ.

ఓరుగల్లు_వోయిప్
కోడెక్ (మాటను కుదించి పంపే పద్ధతి) ఏది పెట్టిన్రు అన్నా? జి.711 ఉంటే తీసేసి జి.729 పెట్టు. సెకనుకు ఎనిమిది కిలోబిట్లతో పోతది, సిస్టమ్ మీద లోడ్ తగ్గుతది.

నెట్‌వర్క్_నారాయణ
ఓరుగల్లు తమ్ముడూ, అది తిరగేసి చెప్పావు. జి.729 ఆదా చేసేది బ్యాండ్‌విడ్తుని, సీపీయూని కాదు. జి.711లో ప్రతి శాంపిల్‌ని ఒక పట్టిక చూసి ఎనిమిది బిట్లకి కుదించడమే. 1972 నాటి ప్రమాణం, అప్పటి యంత్రాలకే సులువు. సెకనుకి 64 కిలోబిట్లు పోతాయి, నిజమే, కానీ లెక్క ఏమీ ఉండదు. జి.729 దాన్ని 8కి తేవాలంటే గొంతుని మోడల్ చేసి, పట్టికల్లో వెతికి, చాలా గుణకారాలు చెయ్యాలి. అంటే సీపీయూకి పని పెరుగుతుంది. లోకల్ నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లకి జి.711 కన్నా తేలికైనది లేదు.

అసలు ఒక కాల్‌కి ఉండే పని ఎంతో చూడండి. 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్. సెకనుకి 50 పోతాయి, 50 వస్తాయి. ఒక్కో దాంట్లో 160 బైట్ల మాట, 40 బైట్ల హెడర్లు. ఇది ఆ ఐ3కి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎకో తీసెయ్యడం, నాయిస్ తగ్గించడం కలిపినా నేను చూసిన చోటల్లా అయిదు లోపే.

కాబట్టి 38 చూసి కంగారు పడకండి. ఆ కాల్ లేనప్పటి 25 ముఖ్యం. ఆ ప్రాసెసర్‌లో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు. విండోస్ కంటికి నాలుగు ప్రాసెసర్లు. నూటిలో నాలుగో వంతు ఎంత? సరిగ్గా 25. మీ సాఫ్ట్‌ఫోన్ "ఎక్కువ పని" చెయ్యట్లేదు. దానిలో ఒకే ఒక్క థ్రెడ్డు (ప్రోగ్రామ్ లోపల విడిగా నడిచే ఒక పని) ఎక్కడో గానుగెద్దులా ఆగకుండా తిరుగుతోంది. ఇదే ఎనిమిది థ్రెడ్ల మెషీన్‌లో అయితే 12 అని చూపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు.

బెజవాడ_సిస్టమ్స్
అబ్బ, ఇది తట్టలేదు. రెండు వారాలుగా ఆ 25 చూస్తూనే ఉన్నా.

ర్యామ్‌బాబు
అయినా ర్యామ్ పెంచితే నష్టం లేదు కదా.

డాలస్_దోశ
నాదొక అనుభవం. ఇంటి నుంచి పని, లాప్‌టాప్ మీద సాఫ్ట్‌ఫోన్. అది బ్రౌజర్ ఇంజిన్ మీద కట్టినది. కాల్‌లో ఉన్నప్పుడు గొంతుకి తగ్గట్టు ఎగిరే చిన్న అల బొమ్మ ఒకటి ఉంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ పాతది కావడంతో ఆ బొమ్మ గీసే పనంతా సీపీయూ మీద పడేది. విండో మినిమైజ్ చేస్తే 30 నుంచి 6కి పడిపోయేది. డ్రైవర్ మార్చాక పోయింది. ఒకసారి మినిమైజ్ చేసి చూడండి. వీడియో కాల్ ఆప్షన్ ఉంటే అదీ ఆపండి, కొన్ని కెమెరాని ఊరికే తెరిచి పెట్టుకుంటాయి.

బెజవాడ_సిస్టమ్స్
మినిమైజ్ చేశా, తేడా లేదు. కెమెరాలే లేవు.

ఓరుగల్లు_వోయిప్
నారాయణ సార్, కోడెక్ మాట ఒప్పుకున్న. కానీ ఇంకోటి సూడాలె. మా దగ్గర ఒకసారి రిజిస్టర్ గడువు (సాఫ్ట్‌ఫోన్ "నేనున్న" అని ఎక్స్ఛేంజీకి మళ్ల మళ్ల చెప్పే టైము) గంటకు బదులు పది సెకన్లు పెట్టిండు ఎవడో. పైగా ఎవరు ఫోన్ల ఉన్నరో సూపెట్టే లైట్లు అరవై. ప్రతి పీసీ కాల్స్ కలిపే ఆ ఎక్స్ఛేంజీని పొద్దంతా పీకుతనే ఉండె. కాల్ లేకున్నా సీపీయూ ఎగురుడే. లాగ్ (ప్రోగ్రామ్ చేసిన పనులు రాసుకునే ఫైలు) తెరిచి రిజిస్టర్ మెసేజీలు నిమిషానికి ఎన్నో లెక్కపెట్టు.

బెజవాడ_సిస్టమ్స్
లాగ్ అన్నారు కదా, ఇది చూడండి. ఫోల్డర్ తెరిస్తే మూడో సీట్లో లాగ్ ఫైలు 11 జీబీ! ఇన్‌స్టాల్ చేసిన వెండర్ కుర్రాడు ఏదో పరీక్ష కోసం డీబగ్ లెవెల్ (ప్రతి చిన్న పనీ లాగ్‌లో రాసే స్థాయి) పెట్టి అలాగే వదిలేశాడు. నోట్‌ప్యాడ్‌లో తెరవబోతే నోట్‌ప్యాడే పడిపోయింది. అందరికీ ఇంతే, బాగున్న సీట్లకి కూడా.

కీబోర్డు_కాకి
11 జీబీ లాగా? మా తాతగారి డైరీలు ఇరవై ఏళ్లవి కలిపినా అంత ఉండవు.

సుజాత_ఐటీ
లాగ్ లెవెల్ తగ్గించండి. యాంటీవైరస్ దాని జోలికి పోకుండా ఆ ఒక్క ఫైలుని మినహాయింపులో పెట్టండి. ప్రోగ్రామ్ ఫోల్డర్ మొత్తాన్ని మినహాయించకండి, అదొక దొడ్డిదారి అవుతుంది. డీబగ్‌లో ప్రతి ప్యాకెట్‌కీ ఒక వరుస రాస్తుంటే, యాంటీవైరస్ ప్రతి రాతనీ తొంగి చూస్తుంటే, కాల్‌లో ఉన్నప్పుడు భారం తప్పదు. కానీ మీరే అన్నారు, బాగున్న సీట్లలో కూడా అదే లాగ్ ఉందని. కాబట్టి ఆ 25కి కారణం ఇది కాదు.

నాకు కావాల్సింది వేరే. ఆ ఆరు ఏ సీట్లు? మిగతా ఆరింటికీ వీటికీ తేడా ఏమిటి? "అన్నీ ఒకే బ్యాచ్" అన్నారు, పూర్తిగా ఒకేలా ఉంటే ఆరు మాత్రమే ఎందుకు చెడతాయి?

బెజవాడ_సిస్టమ్స్
లాగ్ తగ్గించి, మినహాయింపు పెట్టా. కాల్‌లో 38 ఉండేది ఇప్పుడు 30. కాల్ లేనప్పుడు అదే 25. మీరన్నట్టే.

చెడ్డ సీట్లు 2, 3, 5, 8, 9, 11. తేడా ఏమీ కనపడట్లేదండి. అదే పీసీ, అదే హెడ్‌సెట్, అదే వెర్షన్. మూడో సీటు అమ్మాయి మాత్రం ఒక మాట అంది: "అన్నం తిని వచ్చేసరికి ఫ్యాను మోగుతూ ఉంటుందన్నా, నేను ముట్టుకోక ముందే."

రియల్‌టైమ్_రాజు
నేనైతే టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లోకి వెళ్లి సాఫ్ట్‌ఫోన్ ప్రయారిటీని రియల్‌టైమ్ చేస్తాను. మాట తెగదు.

నెట్‌వర్క్_నారాయణ
దయచేసి చెయ్యకండి. మామూలుగా పనిచేసే ప్రోగ్రామ్‌కే అది ప్రమాదం. పిచ్చిగా తిరుగుతున్న థ్రెడ్డుకి అందరికన్నా ముందు వరుస ఇస్తే మౌసు కూడా కదలదు.

రియల్‌టైమ్_రాజు
నిజం చెప్పాలంటే ఒకసారి కదల్లేదు. పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సి వచ్చింది. అయినా పేరు మార్చుకోలేదు.

నెట్‌వర్క్_నారాయణ
మూడో సీటు అమ్మాయి మాట బంగారం. భోజనం టైములో ఎప్పుడు మొదలవుతుందో పట్టుకోండి. మనిషి అక్కర్లేదు. పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి, డేటా కలెక్టర్ సెట్ ఒకటి చేసి, ప్రాసెస్ కింద మీ సాఫ్ట్‌ఫోన్ ప్రాసెసర్ టైమ్‌ని అయిదు సెకన్లకోసారి ఫైల్లోకి రాయమనండి. పొద్దున పెట్టి సాయంత్రం చూడండి.

అది పట్టుకున్నాక ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దింపుకోండి. మైక్రోసాఫ్ట్ సైట్లోనే సిస్‌ఇంటర్నల్స్ పేజీలో ఉచితం. అడ్మిన్‌గా తెరిచి, సాఫ్ట్‌ఫోన్ మీద రెండుసార్లు నొక్కి, థ్రెడ్స్ ట్యాబ్‌లోకి వెళ్తే ఏ థ్రెడ్డు తిరుగుతోందో, దాని స్టాక్‌లో (అది ఆ క్షణంలో నడిపిస్తున్న పనుల జాబితా) ఏ డీఎల్‌ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైలు) పేర్లు ఉన్నాయో కనిపిస్తాయి. నెట్‌వర్క్ పేర్లా, ఆడియో పేర్లా, డిస్కువా అన్నది తేలితే సగం పని అయిపోయినట్టే.

బెజవాడ_సిస్టమ్స్
పెట్టాను. ఒక భయం: ఆ ఫైల్లో 25 కాదు, ఏకంగా 100 చూపిస్తోంది! ఇంకా ముదిరిందా?

నెట్‌వర్క్_నారాయణ
ముదరలేదు. ఆ కౌంటర్ ఒక్క ప్రాసెసర్‌ని నూరుగా లెక్కేస్తుంది. మీ మెషీన్‌లో అది 400 దాకా పోగలదు. అక్కడ 100, టాస్క్ మేనేజర్‌లో 25, రెండూ ఒకటే. ఒక్క థ్రెడ్డే అన్నదానికి అదే సాక్ష్యం. టైము చెప్పండి.

బెజవాడ_సిస్టమ్స్
మూడో సీటు: 1:10కి భోజనానికి లేచింది. 1:20 దాకా సున్నా, ఒకటి, సున్నా. 1:20కి ఒక్కసారిగా 100. ఇక అక్కడే అతుక్కుపోయింది, సాయంత్రం దాకా. అయిదో సీటు 1:25కి లేచాడు, 1:35కి ఎక్కింది. ఎనిమిదో సీటులోనూ అంతే.

థ్రెడ్స్ ట్యాబ్ కూడా చూశా. తిరిగే థ్రెడ్డు ఒకటే. స్టాక్‌లో మళ్లీ మళ్లీ కనిపించే పేరు ఎంఎం డెవ్ ఏపీఐ డీఎల్‌ఎల్.

నెట్‌వర్క్_నారాయణ
అది విండోస్‌లో ఆడియో పరికరాలని లెక్కపెట్టే భాగం. అంటే సాఫ్ట్‌ఫోన్ ఏదో స్పీకర్ కోసం వెతుకుతోంది, దొరకట్లేదు, మళ్లీ వెతుకుతోంది.

సుజాత_ఐటీ
లేచిన సరిగ్గా పది నిమిషాలకి! పది నిమిషాలకి మీ ఆఫీసులో ఏం జరుగుతుంది? స్క్రీన్ ఆరిపోతుంది.

మానిటర్లు ఏ కేబుల్‌తో తగిలించారో చెప్పండి. వీజీఏనా, హెచ్‌డీఎంఐనా? ఆ ఆరు సీట్లూ హెచ్‌డీఎంఐ అయి ఉంటాయని నా పందెం. హెచ్‌డీఎంఐలో బొమ్మతో పాటు శబ్దం కూడా పోతుంది, అందుకే విండోస్ ఆ మానిటర్‌ని ఒక స్పీకర్‌గా కూడా చూస్తుంది. కొన్ని మానిటర్లు నిద్రలోకి వెళ్లగానే ఆ స్పీకర్ జాబితాలోంచి మాయమవుతుంది. వీజీఏలో శబ్దమే లేదు కాబట్టి మాయమవడానికి ఏమీ ఉండదు.

కీబోర్డు_కాకి
సుజాత గారు పందెం కాశారు. నేను కోడిని తెస్తా.

పాత_మోడెమ్
స్క్రీన్ ఆరితే ఫోన్ పాడవడమా. విన్నారా ఎక్కడైనా? నా టేబుల్ ఫోను 2009 నుంచి ఉంది, లైటు ఆరినా మోగుతుంది.

బెజవాడ_సిస్టమ్స్
చూసి వచ్చా. 2, 3, 5, 8, 11 హెచ్‌డీఎంఐ మానిటర్లు, కిందటేడు మార్చినవి. మిగతావి పాత వీజీఏ. మానిటర్లు వేరు కదా అని నాకు లెక్కలోకే రాలేదు, పీసీలు ఒకటే అనుకున్నా.

కానీ 9 వీజీఏ మానిటర్ అండి. అది కూడా చెడ్డ సీటే.

పాత_మోడెమ్
పోయింది పందెం.

ర్యామ్‌బాబు
తొమ్మిదికి ర్యామ్ వేసి చూడండి.

సుజాత_ఐటీ
9 వెనక్కి వంగి కేబుల్ పీసీ దాకా పట్టుకుని చూడండి. మానిటర్ వైపు కాదు, పీసీ వైపు.

బెజవాడ_సిస్టమ్స్
మోకాళ్ల మీద పాకి వచ్చా, ప్యాంటు నిండా దుమ్ము. ఈ పీసీకి వీజీఏ సాకెట్ విరిగిందట, ఎవరో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ తగిలించారు. దాని పక్కన హెడ్‌ఫోన్ రంధ్రం కూడా ఉంది!

సుజాత_ఐటీ
అదీ సంగతి. ఆ రంధ్రం వల్లే విండోస్‌కి అదీ ఒక స్పీకరే.

కీబోర్డు_కాకి
మోడెమ్ గారూ, కోడి నాది, కూర మీది.

పాత_మోడెమ్
తింటాను. ఐపీ ఫోన్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఓరుగల్లు_వోయిప్
అందరికీ హెడ్‌సెట్లే ఉన్నయి గదా, సాఫ్ట్‌ఫోన్‌కి మానిటర్ స్పీకర్‌తోని ఏం పని?

నెట్‌వర్క్_నారాయణ
మంచి ప్రశ్న. చాలా సాఫ్ట్‌ఫోన్లలో మైక్‌కి ఒకటి, మాట వినడానికి ఒకటి, రింగ్ మోగడానికి ఒకటి అని మూడు సెట్టింగులు విడిగా ఉంటాయి. మొదటి రెండూ అందరూ సరిగా పెడతారు, లేకపోతే మాటే వినిపించదు. మూడోది ఎవరూ చూడరు. బెజవాడ గారూ, రింగ్ పరికరం ఏముందో చూడండి.

బెజవాడ_సిస్టమ్స్
ఆరింటిలోనూ మానిటరే! హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టినా రింగ్ వినపడాలని పెట్టినట్టున్నాడు ఆ కుర్రాడు. ఆ మానిటర్లకి అసలు స్పీకర్లే లేవు. ఎవరికీ ఎప్పుడూ రింగ్ వినపడలేదు, స్క్రీన్ మీద వెలిగేది చూసి ఎత్తుతున్నారు.

డాలస్_దోశ
అంటే ఏడాదిగా ఎవరికీ వినపడని రింగ్ కోసం ఆరు పీసీలు వెతుక్కుంటున్నాయి.

బెజవాడ_సిస్టమ్స్
ఏడాది కాదు. రెండు వారాల కిందట కరెంటు ఆదా అని సార్ చెప్తే స్క్రీన్ పది నిమిషాలకి ఆరేలా నేనే పెట్టా. అంతకు ముందు ఎప్పుడూ ఆరేవి కావు. ఈ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది, గుర్తు రాలేదు.

కీబోర్డు_కాకి
హంతకుడే వచ్చి ఫిర్యాదు రాశాడు.

నెట్‌వర్క్_నారాయణ
పరవాలేదు, అందరం చేసినవాళ్లమే. ఇప్పుడు చెయ్యాల్సింది: రింగ్ పరికరాన్ని హెడ్‌సెట్‌కి మార్చండి. అది ఒక్కటే చాలదు, పరికరాల జాబితా మారినప్పుడల్లా ఈ ప్రోగ్రామ్ తడబడుతోంది కాబట్టి సౌండ్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ఆ మానిటర్ ఆడియోని డిజేబుల్ చెయ్యండి. తర్వాత సాఫ్ట్‌ఫోన్ మూసి తెరవండి, లేకపోతే పాత థ్రెడ్డు తిరుగుతూనే ఉంటుంది. ఒక సీట్లో ముందు రింగ్ మాత్రమే మార్చి, ఇంకో సీట్లో డిజేబుల్ మాత్రమే చేసి చూస్తే ఏది పనిచేసిందో మనకీ తెలుస్తుంది. పోయిన పరికరాన్ని ఊపిరాడకుండా వెతకడం ప్రోగ్రామ్ తప్పే, మధ్యలో రెండు సెకన్లు ఆగితే ఈ గొడవే లేదు. ఆ పెర్ఫార్మెన్స్ ఫైలూ థ్రెడ్ స్టాకూ వెండర్‌కి పంపండి.

సుజాత_ఐటీ
మాట తెగడానికి కూడా ఇదే కారణమో కాదో విడిగా చూడండి. మూడు ప్రాసెసర్లు ఖాళీగా ఉండగా ఒక్క థ్రెడ్డు తిరిగినంత మాత్రాన మాట తెగక్కర్లేదు. కాకపోతే అదే ప్రోగ్రామ్ లోపల ఆడియోని మిగతా థ్రెడ్లు వాడుకోకుండా తాళం వేసి పట్టుకుని తిరుగుతుంటే తెగుతుంది.

బెజవాడ_సిస్టమ్స్
మూడు రోజుల తర్వాత వస్తున్నా.

మూడో సీట్లో రింగ్ మాత్రమే మార్చా: భోజనం తర్వాత 25 రాలేదు. స్క్రీన్ ఆరిన క్షణం, మళ్లీ వెలిగిన క్షణం చిన్న ఎగుడు, అంతే. అయిదో సీట్లో డిజేబుల్ మాత్రమే: ఏమీ లేదు, గీత గీసినట్టు సున్నా. తర్వాత ఆరింటికీ రెండూ చేశా. కాల్‌లో ఇప్పుడు 4, 5. ఓరుగల్లు అన్నా, రిజిస్టర్ కూడా చూశా, గంటకే ఉంది.

మాట తెగడం అయిదు సీట్లలో పూర్తిగా పోయింది. 11లో ఇంకా ఉంది. ఆ సీటుకి లాన్ కేబుల్ అందదని వైఫై డాంగిల్ పెట్టారు. అది వేరే కథ, కేబుల్ లాగిస్తున్నా.

వెండర్‌కి పంపా. "కొత్త వెర్షన్‌లో సరిచేశాం, మీదే పాతది" అన్నారు. రెండు సీట్లలో వేసి చూస్తా ముందు.

ఇప్పుడు కొత్త ఫిర్యాదు ఒకటి. రింగ్ హెడ్‌సెట్‌లో గట్టిగా మోగుతోందట. ఇన్నాళ్లూ నిశ్శబ్దంగా ఉండేది, మళ్లీ అలాగే చెయ్యమని మూడో సీటు అమ్మాయి అడుగుతోంది.

ఓరుగల్లు_వోయిప్
సౌండ్ తగ్గియ్యి, మానిటర్‌కు మాత్రం మార్చకు.

ర్యామ్‌బాబు
సమస్య తీరింది కాబట్టి అడుగుతున్నా, ఇప్పుడైనా 16 వేస్తారా?